ఈరీ సరస్సు దక్షిణ తీరం: మార్చి–ఏప్రిల్ వాతావరణం, అంచనాలు చదివే పద్ధతి

మెంటర్_కొత్త
అందరికీ నమస్కారం. ఒహాయోలో క్లీవ్‌లాండ్‌కి తూర్పున మెంటర్‌లో ఉంటున్నాం, సరస్సుకి మైలున్నర దూరం. వచ్చే ఏడెనిమిది వారాల వాతావరణం గురించి కొన్ని సందేహాలు. ఒకే రోజుకి, ఒకే ఊరికి ఒక యాప్ 62 డిగ్రీలంటోంది, ఇంకోటి 44 అంటోంది. ఏది నమ్మాలి? నెలవారీ మ్యాపులో మా ప్రాంతం మీద "సాధారణం కన్నా వెచ్చన, 40 శాతం" అని ఉంటే దాని అర్థం ఏమిటి? వింటర్ టైర్లు ఎప్పుడు తీయొచ్చు? బేస్‌మెంట్‌లోకి నీళ్లు రాకుండా ముందే ఏం చూసుకోవాలి? కరివేపాకు కుండీ బయట పెట్టేది ఎప్పుడు? ఉగాదికి పార్కులో షెల్టర్ తీసుకోవచ్చా, హాలు చూసుకోవడమే మంచిదా?

ఒడ్డుగాలి
40 శాతం సంగతి ముందు తేల్చేద్దాం, ఎక్కువమంది పొరబడేది అక్కడే. (అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే రాస్తాను, ఇక్కడ అందరూ చూసేది అదే.)

ఆ మ్యాపు వేసేది క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్, అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ. 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ల లెక్కలు తీసుకుని చల్లగా గడిచిన పది, మధ్యరకంగా గడిచిన పది, వెచ్చగా గడిచిన పది అని మూడు వాటాలు వేస్తారు. ఏ సూచనా లేకపోతే ఒక్కో వాటాకి 33 శాతం. 40 అని వేశారంటే వెచ్చని వాటా వైపు కొద్దిగా మొగ్గు ఉందని. ఎన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుందో ఆ అంకె చెప్పదు. చల్లగా గడిచే అవకాశం అప్పటికీ 27 శాతం దగ్గర మిగిలే ఉంటుంది, అంటే ఇంచుమించు నాలుగింట ఒకటి.

పైగా అది నెల మొత్తం సగటు. ఇరవై రోజులు 55 ఉండి, నాలుగు రాత్రులు 18కి పడిపోయినా లెక్కలో ఆ నెల "వెచ్చన" అవుతుంది. మొక్కని చంపేది, పైపు పగలగొట్టేది ఆ నాలుగు రాత్రులే. అందుకని నెల మ్యాపు చూసి టైర్లు తీసేయడం, మొలకలు నాటేయడం పనికిరాదు. దాన్ని చూసి ఖర్చు లేని సన్నాహాలు చేసుకోండి. 8–14 రోజుల మ్యాపు చూసి ఏ వారంలో ఏం చేయాలో అనుకోండి. చేతికి పని చెప్పేది 5 రోజుల లోపు అంచనా చూసిన తర్వాతే.

నెలవారీ మ్యాపు నెలలో మూడో గురువారం వస్తుంది, నెల ఆఖరి రోజున సవరించి మళ్లీ వేస్తారు. ఆ సవరించినదే చూడండి, మొదటిదానికన్నా బాగుంటుంది.

ఎల్ నినో, లా నినా (పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకన్నా వెచ్చబడడం, చల్లబడడం) చూసి వసంతాన్ని చెప్పేసే వీడియోలు చాలా తిరుగుతుంటాయి. వాటి ప్రభావం ఇక్కడ చలికాలంలో కొంత కనబడుతుంది, మార్చి దాటాక పలచబడిపోతుంది. 2014 శీతాకాలంలో ఎల్ నినో లేదు, లా నినా లేదు. అయినా అయిదు మహాసరస్సుల మీద కలిపి 92 శాతం దాకా గడ్డకట్టింది, సుపీరియర్ మీద మంచు ముక్కలు జూన్ మొదటి వారం దాకా తేలాయి. 2024లో బలమైన ఎల్ నినో, ఫిబ్రవరి మధ్యలో మంచు 5 శాతం కూడా లేదు. మన తీరానికి ఇవన్నీ దూరపు చుట్టాలు. దగ్గర చుట్టం సరస్సే.

ఇక రెండు యాపుల తేడా. దానికి వేరే పోస్టు పెడతాను, అసలు విషయం అదే.

బఫెలో_సౌత్‌టౌన్స్
ఒడ్డుగాలి గారు రాసేలోపు సరస్సు సంగతి కొంచెం చెబుతాను, లేకపోతే ఆయన చెప్పేది సగమే అర్థమవుతుంది.

ఈరీ పొడవు 241 మైళ్లు, సగటు లోతు 62 అడుగులే. సుపీరియర్ సగటు లోతు 483 అడుగులు. లోతు తక్కువ కాబట్టి ఈరీ త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. అయితే ఒకేసారి కాదు. పడమటి కొస, టొలీడో వైపు, మరీ లోతు తక్కువ, ముందు గడ్డకట్టి ముందు విడిపోయేది అదే. ఇక్కడ ఎక్కువగా వీచేది పడమర, నైరుతి గాలి. విడిపోయిన మంచు పలకలన్నిటినీ ఆ గాలి తూర్పుకి తోసుకొచ్చి బఫెలో దగ్గర పోగేస్తుంది. అందుకే ఏప్రిల్‌లో టొలీడో దగ్గర నీళ్లు 45 దాటినా బఫెలో దగ్గర 34 ఉండొచ్చు. సరస్సు ఒకటే, రెండు కొసలకీ ఋతువు వేరు.

నయాగరా నది మొదట్లో ప్రతి శీతాకాలం మంచును ఆపడానికి ఉక్కు పాంటూన్ల, అంటే నీటి మీద తేలే డొల్ల పీపాల, వరస కడతారు, ఐస్ బూమ్ అంటారు. 1964 నుంచి ఉంది, పొడవు మైలున్నర పైనే. తూర్పు కొసలో 250 చదరపు మైళ్లకన్నా ఎక్కువ మంచు మిగిలి ఉంటే తప్ప ఏప్రిల్ 1 కల్లా దాన్ని తీయడం మొదలుపెట్టాలన్నది నియమం. అది తీయడం మొదలైందంటే మా వైపు వసంతం దారిలో పడ్డట్టు లెక్క. వాయిదా పడిందంటే ఏప్రిల్ అంతా ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టినట్టే ఉంటుంది.

నీటి ఉష్ణోగ్రత చూడాలనుకుంటే ఒక చిక్కు ఉంది. సరస్సులో బోయలను, అంటే నీటి మీద తేలుతూ కొలిచే పరికరాలను, శీతాకాలానికి ముందే తీసేస్తారు, ఏప్రిల్, మేలలో గానీ మళ్లీ వేయరు. మార్చిలో యాపులో బోయ అంకె కనిపిస్తే అది పాతదో, లెక్కగట్టినదో అయి ఉంటుంది. బఫెలోలో మంచినీటి ప్లాంటు 30 అడుగుల లోతులో కొలిచే అంకె 1927 నుంచి ఉంది, నమ్మకమైనది అది. మిగతా సరస్సుకి యాన్ ఆర్బర్‌లోని గ్రేట్ లేక్స్ పరిశోధనశాల ఉపగ్రహ మ్యాపులు వేస్తుంది, మంచు మ్యాపూ అక్కడే దొరుకుతుంది.

ఒడ్డుగాలి
సరిగ్గా అదే కావాలి. ఇప్పుడు 62, 44 కథ.

ఏప్రిల్ మధ్యలో ఎండ బాగా కాసిన రోజు తీసుకోండి. సరస్సుకి దూరంగా లోపలున్న చార్డన్ ఊరి వైపు నేల మధ్యాహ్నానికి 62కి వేడెక్కుతుంది. సరస్సు నీళ్లు 38. నీటి మీది గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సరస్సు గాలి జొరబడుతుంది. పదింటికో పన్నెండింటికో జెండా దక్షిణం నుంచి ఉత్తరానికి తిరుగుతుంది, అరగంటలో 15, 20 డిగ్రీలు పడిపోతుంది. ఆకాశంలో ఒక్క మబ్బు తునక ఉండదు, ఎండ అలాగే ఉంటుంది. చొక్కా మీద బయటికెళ్లినవాళ్లు జాకెట్ కోసం వెనక్కి పరిగెడతారు. ఆ చల్లగాలి కొన్ని రోజుల్లో ఒడ్డు నుంచి రెండు మైళ్లలో ఆగిపోతుంది, కొన్ని రోజుల్లో పదిహేను మైళ్లు లోపలికొస్తుంది. మీ ఇల్లు మైలున్నరలో ఉంది కాబట్టి వచ్చిన ప్రతిసారీ మీకు తగులుతుంది.

యాపులు తేడాగా చూపించడానికి కారణం గళ్ల సైజు. వాతావరణం లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు నేలను గళ్లుగా విడగొడతాయి, కొన్నిటిలో ఒక గడి 8, 15 మైళ్లు ఉంటుంది. మీ ఊరు సగం నీళ్లు సగం నేల ఉన్న గడిలో పడిందా, పూర్తి నేల గడిలో పడిందా అన్నదాన్ని బట్టి 44 లేదా 62 వస్తుంది. రెండూ అబద్ధం కాదు. మీ ఇంటికి 44, చార్డన్‌కి 62.

ఎవరు గెలుస్తారో గాలి చూసి చెప్పొచ్చు. దక్షిణం నుంచి గంటకి 15 మైళ్లు దాటి వీస్తుంటే సరస్సు గాలి ఒడ్డు దాటలేదు, పెద్ద అంకె నమ్మండి. దక్షిణ గాలి 10 లోపే ఉండి ఎండ కాస్తే మధ్యాహ్నానికి చిన్న అంకెదే గెలుపు. వాయవ్యం, ఉత్తరం, ఈశాన్యం అని ముందే రాసి ఉంటే ఆలోచించక్కర్లేదు, చిన్న అంకె నుంచి ఇంకో రెండు డిగ్రీలు తీసేయండి.

కాబట్టి మార్చి నుంచి మే చివరి దాకా ఈ తీరంలో ఉష్ణోగ్రత కన్నా ముందు గాలి దిక్కు చూడాలి. యాపులో అది చిన్న బాణంలా మూలన ఉంటుంది, దాన్ని వదిలేసి పెద్ద అంకె చూస్తాం. అలవాటు తిప్పుకోండి. ఇంకా బాగా తెలియాలంటే క్లీవ్‌లాండ్ నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు రోజూ పెట్టే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ చదవండి. ఏ మోడల్‌ని ఎందుకు పక్కన పెట్టారో మామూలు మాటల్లో రాస్తారు.

ఈరీ_పీఏ
ఒక చేర్పు. పెన్సిల్వేనియాలో మా ఈరీ నుంచి న్యూయార్క్‌లో డన్‌కర్క్ దాకా ఆగ్నేయ గాలి వీస్తే లెక్క తిరగబడుతుంది. వెనకున్న అలెగనీ పీఠభూమి మీద నుంచి గాలి కిందికి జారుతూ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. మార్చిలో లోపలి ఊళ్లన్నీ 52 ఉంటే ఒడ్డున 65 వచ్చే రోజులు అవే. ఆ రోజే సాయంత్రం కోల్డ్ ఫ్రంట్, అంటే చల్లగాలి ముందు అంచు, దాటితే గాలి పడమరకి తిరిగి రెండు గంటల్లో 35కి పడిపోతుంది. ఇలాంటి రోజు యాపులో "గరిష్ఠం 65" అని చూసి పిల్లల్ని సాయంత్రం ఆరింటికి మైదానానికి పంపేవాళ్లు గంటలవారీ అంచనా తప్పకుండా చూడాలి. గరిష్ఠం మధ్యాహ్నం ఒంటిగంటకే అయిపోయి ఉంటుంది.

మెంటర్_కొత్త
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. మరి మార్చిలో ఇంకా స్నో పడుతుందా? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన దగ్గర అంటాం, ఇక్కడ శివరాత్రి అయ్యాక కూడా గడ్డకట్టే చలే చూపిస్తోంది.

బఫెలో_సౌత్‌టౌన్స్
శివరాత్రి లెక్క 17 డిగ్రీల అక్షాంశానికి సరిపోతుంది, మనం 42 మీద ఉన్నాం. మార్చిలో క్లీవ్‌లాండ్‌కి సగటున ఓ పది అంగుళాలు, బఫెలోకి పద్నాలుగు దాకా పడుతుంది. ఏప్రిల్‌లో రెండు మూడు అంగుళాలు. 2005లో ఏప్రిల్ నాలుగో వారంలో కూడా ఉత్తర ఒహాయోలో పెద్ద మంచు పడింది. పగటి గరిష్ఠం మార్చి మొదట్లో మీ దగ్గర 40 చుట్టుపక్కల, నెలాఖరుకి 50 దాటుతుంది, ఏప్రిల్ చివరికి 60 దాటాలి. అయితే ఏ రోజైనా ఆ సగటుకి 20 పైన గానీ 20 కింద గానీ ఉంటే ఆశ్చర్యపోకండి, ఈ రెండు నెలల తీరే అంత.

లేక్ ఎఫెక్ట్ స్నోకి, అంటే సరస్సు ఆవిరి వల్ల పడే స్నోకి, మార్చిలో మూడు సంగతులు చూడాలి. ఒకటి, సరస్సు తెరిచి ఉందా. మంచు కప్పేసి ఉంటే ఆవిరి లేదు, ఆ కుళాయి కట్టేసినట్టే. రెండు, నీటికీ అయిదు వేల అడుగుల ఎత్తులో గాలికీ మధ్య కనీసం 13 సెల్సియస్ డిగ్రీల తేడా. మార్చిలో నీళ్లు 1, 2 సెల్సియస్ ఉంటాయి కాబట్టి పైన మైనస్ 12 అన్నా ఉండాలి. మార్చి గడిచేకొద్దీ అంత చలి అరుదైపోతుంది. మూడు, ఎండ. జనవరిలో ఒక పట్టీలా గంటల తరబడి ఒకే ఊరి మీద కురిసే మేఘం మార్చి పగటి పూట నేల వేడికి చీలిపోయి చిన్న చిన్న జల్లులవుతుంది. రాత్రి ఏడు దాటాక మళ్లీ కూడుకుంటుంది. కాబట్టి మార్చిలో ప్రయాణం పెట్టుకుంటే పగలు పెట్టుకోండి. మధ్యాహ్నం స్నో పడుతున్నా తారు రోడ్డు మీద నిలవదు. అదే తడి రాత్రికి గాజులా గడ్డకడుతుంది. మెట్ల మీద, డ్రైవ్‌వే మీద మామూలు రాతి ఉప్పు 15 డిగ్రీల దాకానే గట్టిగా పనిచేస్తుంది. అంతకన్నా చలి ఉంటే కాల్షియం క్లోరైడ్ ఉన్న సంచి తీసుకోండి.

టైర్_లెక్క
టైర్ల ప్రశ్న నాకు. ఆల్ సీజన్ టైరు రబ్బరు 45 డిగ్రీల కింద గట్టిపడి పట్టు తగ్గుతుంది. కాబట్టి చూడాల్సింది మీరు ఇంట్లోంచి బయల్దేరే పొద్దున ఏడింటి ఉష్ణోగ్రత. మధ్యాహ్నం 60 ఉందని కాదు. వరసగా పది రోజులు పొద్దున 45కి పైన ఉంటుందని అంచనా కనబడ్డాక తీయండి. మెంటర్ ఒడ్డు వైపు ఇది సాధారణంగా ఏప్రిల్ ఆఖరి వారం.

ఒక ముఖ్యమైన సంగతి. మీ ఆఫీసు 44వ నంబరు రోడ్డు మీదుగా చార్డన్ వైపైతే తొందరపడకండి. సరస్సు మట్టం 570 అడుగులు, చార్డన్ 1300. ఆ పైకెక్కే పది మైళ్లలో వాన స్నోగా మారే రోజులు ఏప్రిల్‌లోనూ వస్తాయి.

మార్చాక 50 నుంచి 100 మైళ్లు తిరిగి చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి, చాలామంది ఇది మర్చిపోతారు. తీసిన వింటర్ టైరు గాడిలో పావలా, అంటే క్వార్టర్ నాణెం, తల కిందికి పెట్టి చూడండి. వాషింగ్టన్ తల పై అంచు బయటికి కనిపిస్తే లోతు 4/32 అంగుళాల కన్నా తక్కువ ఉన్నట్టు. వచ్చే శీతాకాలానికి కొత్తవి తీసుకోవాలి. గుంతలు కూడా ఈ నెలల్లోనే. పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి 9 శాతం ఉబ్బి తారును లేపుతాయి, కరిగాక కింద బోలుగా మిగులుతుంది. నీళ్లు నిండిన గుంత లోతు కనబడదు, దాటించలేకపోతే బ్రేకు ముందే వేసి గుంతలోకి దిగే క్షణానికి వదిలేయండి. బ్రేకు పట్టి ఉండగా పడితే రిమ్ వంగుతుంది.

నేలమాళిగ
బేస్‌మెంట్ గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, డబ్బు పోయేది ఇక్కడే.

ముందు పెరట్లో మంచులో ఎంత నీరుందో కొలవండి. నిటారు గోడలున్న ఖాళీ డబ్బా తీసుకుని మూతి కిందికి పెట్టి నేల తగిలేదాకా నొక్కండి. కింద పళ్లెం తోసి తిప్పండి. ఇంట్లో పెట్టి కరిగించి, డబ్బాలో నీరు ఎన్ని అంగుళాలుందో స్కేలుతో చూడండి. కొత్తగా పడ్డ స్నో పది అంగుళాలకి ఒక అంగుళం నీరిస్తుంది. మార్చి నాటి పాత మంచు అణిగిపోయి గట్టిపడి ఉంటుంది, అడుగు మందానికి మూడున్నర అంగుళాలు ఇస్తుంది. మూడున్నర అంగుళాల వాన ఒక్క రోజులో పడితే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా కింద నేల ఇంకా గడ్డకట్టి ఉంటే ఇంకదు.

ఎంత వేగంగా కరుగుతుందన్నది డ్యూ పాయింట్ (గాలిలో తేమ చెమ్మగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) చెబుతుంది. 50 డిగ్రీలుండి గాలి పొడిగా ఉంటే, డ్యూ పాయింట్ 25 అనుకోండి, మంచు నెమ్మదిగా తగ్గుతుంది. అదే 50లో డ్యూ పాయింట్ 45, గాలి గట్టిగా ఉంటే, ఆ తేమ మంచు మీద చెమ్మగా మారుతూ వేడి వదులుతుంది. ఒక గ్రాము ఆవిరి నీరైతే ఏడు గ్రాములకు పైగా మంచును కరిగించేంత వేడి వస్తుంది. పొగమంచు పడుతూ రాత్రంతా 40 పైనే ఉంటే తెల్లారేసరికి పెరడు ఖాళీ, నీళ్లన్నీ మీ గోడ పక్కన. యాపులో డ్యూ పాయింట్ 40 దాటి రెండు రాత్రులు కనబడితే, దాంతోపాటు వాన కూడా ఉంటే, అదే మీ ప్రమాద ఘడియ. షాగ్రిన్, గ్రాండ్, మా వైపు కజెనోవియా లాంటి వాగుల్లో మంచు పలకలు విరిగి వంతెనల దగ్గర అడ్డుపడి ఊళ్లలోకి నీళ్లొచ్చేది కూడా ఇలాంటప్పుడే.

సంప్ పంప్ (బేస్‌మెంట్ గుంటలో చేరిన నీళ్లను బయటికి తోడే పంపు) పరీక్ష అయిదు గ్యాలన్ల బకెట్టుతో. గుంటలో పోయండి. ఫ్లోట్ లేవాలి, పంపు ఆన్ కావాలి, గుంట ఖాళీ కావాలి, తర్వాత ఆగాలి. ఆగాక నీళ్లు వెనక్కి గలగలమని పడితే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పోయినట్టు. ఫ్లోట్ గోడకి తగిలి ఇరుక్కుపోవడం చాలా సాధారణం, పంపును కాస్త జరిపితే చాలు. బయట పైపు కొస ఇంటి నుంచి పదడుగులన్నా దూరం ఉండాలి, వాలు ఉండాలి. వాలు లేని పైపులో నిలిచిన నీరు మార్చి రాత్రి గడ్డకట్టి మూతపడుతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు ఎక్కడికీ పోవు, మోటారు కాలిపోతుంది. గోడ బయటికొచ్చిన చోట పైపుకి సందులున్న ఫిట్టింగ్ దొరుకుతుంది, ముందు మూసుకుపోయినా నీళ్లు ఆ సందుల్లోంచి బయటపడతాయి. చవకైనది, పెట్టించుకోండి.

మార్చి గాలులకి కరెంటు పోతుంది, అదే రోజు వాన. 12 వోల్టుల బ్యాకప్ పంపు సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది, 100 ఆంపియర్ అవర్ ఏజీఎం బ్యాటరీ అయితే ఆపకుండా ఆరు గంటల పైన నడుస్తుంది. పంపు నిమిషంలో పావు వంతే తిరిగితే రోజంతా వస్తుంది. నెలకోసారి మెయిన్ పంపు ప్లగ్ లాగేసి బ్యాకప్ తిరుగుతుందో లేదో చూడండి.

పైకప్పు పైపులు కూడా. 1500 చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన అంటే 930 గ్యాలన్లు. డౌన్‌స్పౌట్ కొస గోడ పక్కనే వదిలేస్తే ఆ మొత్తం నేరుగా మీ పునాదిలోకి.

ఇన్సూరెన్స్: మామూలు ఇంటి పాలసీ వరదకి డబ్బివ్వదు, సంప్ పొంగినా ఇవ్వదు. వాటర్ బ్యాకప్ అనే అదనపు క్లాజు విడిగా తీసుకోవాలి. ప్రభుత్వ వరద పాలసీ తీసుకుంటే అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. వాన అంచనా చూశాక కొంటే ఉపయోగం లేదు.

యూక్లిడ్_తోట
మొక్కల సంగతి. ముందు ఒక పొరపాటు సరిచేస్తాను. "మాది 7ఏ జోన్, ఏప్రిల్ 15కి నాటేయొచ్చు" అని ఇక్కడి గ్రూపుల్లో ప్రతి ఏడూ కనిపిస్తుంది. జోన్ అంటే శీతాకాలంలో అతి చల్లని రాత్రి ఎంతకి పడుతుందో దాని సగటు, అంతే. ఆఖరి మంచు దెబ్బ ఎప్పుడన్నదానితో దానికి సంబంధం లేదు. మెంటర్ ఒడ్డున నీటి పక్కన రాత్రి చలి మెత్తబడుతుంది, అయిదు మైళ్లు లోపల పల్లపు నేలల్లో మే రెండో వారం దాకా ముప్పు ఉంటుంది.

అంచనాలో రాసే కనిష్ఠం ఆరడుగుల ఎత్తులో కొలిచింది. గాలి లేని, మబ్బు లేని రాత్రి నేల దగ్గర నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది. కాబట్టి "కనిష్ఠం 36, గాలి లేదు, ఆకాశం నిర్మలం" అంటే మొలక మీద మంచు పడ్డట్టే లెక్క. "కనిష్ఠం 34, గాలి 12 మైళ్లు, మబ్బు" అంటే చాలాసార్లు ఏమీ కాదు. కప్పే బట్ట పలుచనిదైతే రెండు డిగ్రీలు, మందమైనదైతే ఆరేడు డిగ్రీలు కాపాడుతుంది. ఆకుకి తగలకుండా కమాన్ల మీద వేసి, అంచుల మీద మట్టి పోయాలి. ప్లాస్టిక్ నేరుగా ఆకు మీద వేస్తే తగిలిన చోటల్లా మాడుతుంది.

నేల థర్మామీటరు ఒకటి కొనండి. పొద్దున ఎనిమిదింటికి మూడంగుళాల లోతులో, వరసగా నాలుగు రోజులు. 40 దాటితే పాలకూర, ఆవకూర, బఠాణీ వేయొచ్చు. 50, 55 వస్తే కొత్తిమీర, మెంతి. గోంగూర, బెండ, సొరలకి 65 కన్నా తక్కువైతే గింజ నేలలో కుళ్లుతుంది. వాటిని ఏప్రిల్ రెండో వారంలో ఇంట్లో కప్పుల్లో వేసి, మే చివర నాటండి. సరస్సు గాలి తగిలే మీలాంటి చోట జూన్ మొదటి వారం అయినా నష్టం లేదు. చల్లనేలలో ముందే నాటిన గోంగూర పసుపెక్కి మూడు వారాలు కదలదు, తర్వాత నాటినది దాన్ని దాటిపోతుంది.

కరివేపాకు: రాత్రులు 50కి పైన నిలబడ్డాకే బయటికి. అంటే మీ దగ్గర మే ఆఖరి వారం. ఒకేసారి ఎండలో పెడితే ఆకు తెల్లబడి రాలుతుంది. మొదటి మూడు రోజులు నీడలో రెండు గంటలు, తర్వాత పొద్దుటి ఎండ, ఇలా పది రోజులు. ఉత్తరపు గోడ వైపు పెట్టకండి, సరస్సు గాలి నేరుగా కొడుతుంది. దక్షిణపు ఇటుక గోడ పక్కన పెడితే రాత్రి కూడా గోడ వేడి అందుతుంది.

మెంటర్_కొత్త
అయితే సరస్సు వసంతాన్ని వెనక్కి లాగడం మనకి నష్టమే కదా?

యూక్లిడ్_తోట
కాదండీ, ఈ తీరంలో పంట నిలబడేదే దాని వల్ల. చల్లటి సరస్సు మొగ్గల్ని ఆలస్యంగా విప్పిస్తుంది, ఆలోపు మంచు రాత్రులు గడిచిపోతాయి. ఈరీ నుంచి చటాక్వా కౌంటీ దాకా కాంకర్డ్ ద్రాక్ష, మీ లేక్ కౌంటీలో నర్సరీలు అన్నీ నీటి పక్కన సన్నని పట్టీలో ఉండడానికి కారణం ఇదే.

ఆ కాపలా తప్పితే ఏమవుతుందో 2012 మార్చి చూపించింది. షికాగోలో ఆ ఒక్క నెలలో ఎనిమిది రోజులు 80 దాటింది. మిషిగన్‌లో ఆపిల్, చెర్రీ మొగ్గలు నాలుగైదు వారాలు ముందే విప్పుకున్నాయి. ఏప్రిల్‌లో మామూలుగా వచ్చే మంచు రాత్రులే వచ్చాయి, పుల్ల చెర్రీ పంట దాదాపు 90 శాతం పోయింది. చలి అసాధారణం కాదు, మొగ్గ దశ అసాధారణం. ఆపిల్ మొగ్గ వెండి కొన దశలో, అంటే కొస వెండిరంగుగా కనబడే తొలి దశలో, 15 డిగ్రీలకి పదో వంతే చనిపోతుంది. పూర్తిగా పూశాక 28కే పదో వంతు పోతుంది, 25కి తొంభై శాతం. అందుకని పెరట్లో పండ్ల చెట్టు ఉన్నవాళ్లు మార్చిలో వారం రోజులు 70 అని అంచనా వస్తే సంబరపడకుండా కొమ్మ కొసలు రోజూ చూడండి. మొగ్గ ఏ దశలో ఉందో తెలిస్తే ఏ రాత్రికి భయపడాలో తెలుస్తుంది.

చుక్కాని
ఒక హెచ్చరిక పెట్టకుండా ఈ చర్చ ముగియకూడదు. మార్చి మొదటి వెచ్చని ఆదివారం ఫోటోల కోసం పిల్లలతో సరస్సు మంచు మీదికి నడుస్తారు. దయచేసి వద్దు.

నాలుగు అంగుళాల మందం మనిషిని మోస్తుందన్న మాట డిసెంబరులో కొత్తగా కట్టిన తేటమంచుకి. మార్చి మంచు పైకి అడుగు మందం కనిపించినా లోపల నిలువు పుల్లల్లా విడిపోయి ఉంటుంది, బలం సగం కూడా ఉండదు. అంతకన్నా పెద్ద ప్రమాదం గాలి. దక్షిణ గాలి వెచ్చగా హాయిగా ఉంటుంది, అదే మంచును ఒడ్డు నుంచి విడదీసి లోపలికి తోసుకుపోతుంది. 2009 ఫిబ్రవరి 7న టొలీడో దగ్గర ఇలాగే పలక విడిపోయి వందమందికి పైగా చేపలు పట్టేవాళ్లు చిక్కుకున్నారు, హెలికాప్టర్లు, పడవలతో తీసుకురావాల్సి వచ్చింది, ఒకరు చనిపోయారు. నడిచి వెళ్లిన దారే తిరిగొచ్చేసరికి నీళ్లవుతుంది.

ఎవరైనా పడితే: మొదటి నిమిషం ఎగశ్వాస ఆపుకోవడానికే, నోట్లోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి. చేతులు కాళ్లు పనిచేసేది పది నిమిషాలే. స్పృహ దాదాపు గంట ఉంటుంది. బయటివాళ్లు దగ్గరికి నడవకుండా తాడో, కొమ్మో, కేబులో విసిరి 911కి ఫోన్ చేయాలి.

నైరుతి నుంచి గంటకి 45 మైళ్లకు పైగా గాలి నాలుగైదు గంటలు వీస్తే సరస్సు నీళ్లన్నీ తూర్పుకి ఒరిగి బఫెలో దగ్గర ఏడెనిమిది అడుగులు లేస్తాయి, టొలీడో దగ్గర అంతే దిగిపోతాయి. సీష్ అంటారు. మంచు విడిపోయిన మార్చిలో ఆ నీళ్లతోపాటు పలకలూ వస్తాయి. 2019 ఫిబ్రవరి 24న బఫెలో దక్షిణాన హూవర్ బీచ్ దగ్గర ఇళ్ల పక్కన మంచు గుట్టలు ఇంటి కప్పు ఎత్తుకు లేచాయి. గాలి హెచ్చరిక ఉన్న రోజు ఒడ్డున కారు నిలపకండి.

ఈరీ_పీఏ
పొగమంచు గురించి రెండు మాటలు. డ్యూ పాయింట్ నీటి ఉష్ణోగ్రత కన్నా ఎక్కువైతే నీటి మీద పొగమంచు పుడుతుంది. నీళ్లు 34, దక్షిణం నుంచి వచ్చే గాలి డ్యూ పాయింట్ 48 అంటే సరస్సంతా తెల్లగా కప్పేస్తుంది. లోపల ఎండ కాస్తుంటే ఒడ్డు పక్కన 90వ నంబరు హైవే మీద ముందు పది కార్ల దూరం కూడా కనబడదు. ఎండ వస్తే పోతుందిలే అనుకోకూడదు, గాలి దిక్కు మారితేనే పోతుంది. హై బీమ్ వేయకండి, తెల్లగోడలా తిరిగొడుతుంది.

మెంటర్_కొత్త
అన్నీ రాసుకున్నాను. ఉగాది మాట మిగిలింది.

ఒడ్డుగాలి
ఉగాది మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ రెండో వారం లోపు ఎప్పుడైనా పడుతుంది. మార్చిలో వస్తే హాలే తీసుకోండి, రెండో మాట లేదు. ఏప్రిల్‌లో వచ్చి పార్కే కావాలనుకుంటే సరస్సు ఒడ్డు పార్కు వద్దు. ఎనిమిది, పది మైళ్లు లోపల, మూడు వైపులా గోడలున్న షెల్టర్ చూడండి. ఉత్తరం వైపు తెరిచి ఉన్నదైతే తీసుకోకండి. డబ్బు వాపసిచ్చే గడువు అడిగి, ఆ గడువుకి ముందు రోజు 5 రోజుల అంచనా తెరవండి. గాలి దక్షిణం నుంచి 15 పైన, వాన 30 శాతం లోపు ఉంటే ఉంచుకోండి. ఉత్తరం, ఈశాన్యం అని కనిపిస్తే ఉష్ణోగ్రత అంకె ఎంతున్నా రద్దు చేసేయండి. పచ్చడి కలిపేది ఆరుబయటే అయితే భోజనాలు పదకొండున్నరకే మొదలుపెట్టండి. సరస్సు గాలి లోపలికొచ్చేది చాలా రోజుల్లో ఆ తర్వాతే.